ఏడో ఇంటివాడు

మంగళవారం పొద్దున్నే ఇందుమతి ఎర్రగుడ్డ పట్టుకుని గుడికి బయల్దేరితే గుడియాత్తం నేతవీధిలో ఎవరూ తలెత్తి చూడరు. చూసి చూసి అలవాటైపోయింది. జాతకంలో ఏడో ఇంట కుజుడు కూర్చున్న పిల్ల, ఆయనకు గుడ్డ కట్టి దీపం పెట్టి రావాలి, అంతే. ఆ పిల్లకిప్పుడు ముప్పై అయిదేళ్ళు. ఇంట్లో పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు లేరు, మొక్కు మానేయమని చెప్పేవాళ్ళూ లేరు.

గుడ్డ ఆమె నేసిందే. మగ్గం మీద ప్రతి పడుగు కొసనా లుంగీకి చాలకుండా ఓ రెండు మూరలు మిగులుతుంది. వేరే ఇళ్ళలో దాన్ని తువ్వాలుకో మసిగుడ్డకో వాడుకుంటారు. ఈ ఇంట్లో మాత్రం ఇందుమతి ఎర్రపేకతో నేసి, జానెడు జానెడు చించి, మంగళవారానికొకటి తీసుకుపోతుంది. నవగ్రహాల్లో దక్షిణం తిరిగి నిలబడ్డ ఆ నూనె కారే నల్లరాతి మనిషి నడుముకు కట్టి, చుట్టూ తిరిగి వస్తుంది. పోయిన వారం గుడ్డతో పూజారి ఆమె కళ్ళముందే దీపాల మసి తుడుస్తూ ఉంటాడు. ఆయన్నీ అనడానికి లేదు, గుడికి మసిగుడ్డ కావాలి కదా.

ఆ మంగళవారం ఆమె తిరిగి వస్తూంటే వీధి మొగలో టీకొట్టు రాజమాణిక్యం కేకేశాడు. నేతవీధిలో నోటినిండా తెలుగే గానీ చదివేది అరవం పేపరు. చదవడం రానివాళ్ళకి రాజమాణిక్యం టీనీళ్ళు మరిగేలోపల పైకి చదివి పెడతాడు.

"ఇందూ! నీ ఏడో ఇంటాయన కాడికి మిషిను పోతా ఉండాది, తెలుసునా?"

కొట్లో కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆమె అన్న కుప్పుసామి కూడా అక్కడే ఉన్నాడు. ఆయన నవ్వలేదు, గ్లాసులోకి చూసుకున్నాడు.

"ఏం మిషిను మామా?" అంది ఇందుమతి.

"సెవ్వాయికి పోయే మిషిను. అదేమ్మా, మన కుజుడు. అమెరికావోళ్ళు పంపినారు. నెలల తరబడి పోతానే ఉండాదంట, ఈ శుక్రవారం రేత్రికి దిగుతాది. లోపల చిన్న బండి, ఆరు చక్రాలు, మేకపిల్ల అంత. దిగినాక ఆ బండి బయటికొచ్చి రాళ్ళన్నీ ఒగటొగటే వాసన చూస్తా పోతాది."

"రాళ్ళుండాయా ఆడ?"

"నేలుంటే రాళ్ళుండవా?"

"అంత పైనుంచి పడితే మిషిను పగిలిపోదా?" అన్నాడు కుప్పుసామి, గ్లాసులోంచి తలెత్తకుండానే.

"అదేనప్పా గమ్మత్తు. మిషిను చుట్టూరా గుడ్డసంచులు. గాలి నిండి ఉబ్బుతాయంట. బంతి మాదిరి ఎగిరెగిరి పడి నిలుస్తాదంట."

టీ తాగుతున్న నేతగాళ్ళందరూ గ్లాసులు కింద పెట్టారు.

"గుడ్డా?"

"గుడ్డే. ఇదో, రాసుండాది."

"ఏం నూలు?" అన్నాడు కుప్పుసామి.

రాజమాణిక్యం పేపరు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. అది మాత్రం వెయ్యలేదు.

"అసలైంది మటుకు రాసి చావరు," అని కుప్పుసామి సగం టీ వదిలేసి లేచాడు.

ఇంట్లో రెండు గుంత మగ్గాలు పక్కపక్కనే ఉంటాయి. అన్నాచెల్లెళ్ళు గుంతల్లోకి కాళ్ళు దింపి నేస్తూంటే, కుప్పుసామి భార్య పొన్నమ్మ రాట్నం ముందు కూర్చుని ఇద్దరికీ కండెలు చుట్టిపెడుతుంది. మగ్గం మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కూడా. రాట్నం మాత్రం ఆడవాళ్ళదే. కుప్పుసామి దాని ముందు కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

"వదినా, నేలుండాదంట," అంది ఇందుమతి, నాడె విసురుతూ.

"ఎవరికి?"

"ఆయనకి."

"ఉంటే ఉండనీ. మనకేమన్నా పట్టా రాసిస్తాడా?"

ఇందుమతి నవ్వింది గానీ ఆ మాట వదల్లేదు. నేల. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు ఆమెకి. కుజుడంటే జాతకంలో ఒక గడి, గుడిలో ఒక రాయి. అణైకట్టు నుంచి ఒక సంబంధం వచ్చినప్పుడు వాళ్ళు జాతకం అక్కర్లేదన్నారు. తరవాత మాట రాకూడదని కుప్పుసామే తీసి చూపించాడు. ఆయన నిజాయితీ ఆయనది. వాళ్ళు కాఫీ తాగి, మర్యాదగా చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. అప్పుడు కూడా ఇందుమతికి కోపం రావడానికి ఎదురుగా ఎవరూ కనిపించలేదు. ఇప్పుడేమో ఆయనకో నేలుందట, దాని మీద బండి తిరుగుతుందట, అక్కడి రాళ్ళకు ఏదో వాసన ఉంటుందట.

ఆయన్ని చూడాలనిపించింది. కొరుకుడుపడని ఆశ అది. పట్టుచీర మీద ఆశంటే అర్థం చేసుకోవచ్చు, తిరపతి పోవాలంటే అర్థం చేసుకోవచ్చు. ఇది ఎవరితో చెప్పుకుంటుంది? తన జీవితంలో అంతకాలం కాలు చాపుకు కూర్చున్నవాడు ఎలా ఉంటాడో, ఆ బండి మెట్టు దిగి ఆయన నేల మీద కాలు పెట్టేటప్పుడు తన కళ్ళతో చూడాలి. శుక్రవారం దాకా ఆమె నేసిన లుంగీల్లో గళ్ళు సరిగ్గానే పడ్డాయి. చేతులు వాటి పని అవి చేశాయి, మనసు మాత్రం మగ్గం దగ్గర లేదు.

శనివారం పొద్దున రాజమాణిక్యం రేడియోలో విని చెప్పాడు. మిషిను క్షేమంగా దిగింది. గుడ్డబంతి ఎగిరెగిరి పడి నిలిచింది. బండి ఇవాళ బయటికొస్తుంది, టీవీలో చూపిస్తారు.

ఆ వీధిలో కేబులు టీవీ ఉన్నది ధర్మలింగం ఇంట్లో ఒక్కటే. నూలిచ్చేదీ లుంగీలు కొనేదీ ఆయనే గనక వీధంతా ఆయన్ని ముదలాళి అంటుంది. టీవీ విషయంలో ఆయన పిసినారి కాడు. కిటికీ తలుపు తెరిచే ఉంచుతాడు, అరుగు మీద కూర్చుని ఎవరైనా చూడొచ్చు. ఏది పెడితే అది చూడాలి, అంతే.

మధ్యాహ్నం ఇందుమతి మొహం కడుక్కుని వెళ్ళింది. లోపల సినిమా. అరుగంతా జనం. ఆమె అరుగు మీద కూర్చోకుండా గడప దాకా పోయి నిలబడింది.

"అన్నా, సెవ్వాయి చూపిస్తా ఉండారంట. ఒక్క నిమిసం మార్చి చూపిస్తారా?"

ధర్మలింగం పడకకుర్చీలోంచి మెడ తిప్పి చూశాడు. మంచివాడే, చెడ్డ ఉద్దేశమేమీ లేదు, నోటికి వచ్చింది అనేశాడు.

"ఏమ్మా, పెండ్లిచూపులా?"

లోపలివాళ్ళు నవ్వారు. కిటికీ దగ్గర వాళ్ళు విని నవ్వారు, వినబడనివాళ్ళు అడిగి తెలుసుకుని మరీ నవ్వారు. ధర్మలింగం కొడుకు రిమోటు తీసుకుని సినిమా గొంతు ఇంకాస్త పెంచాడు. ఇందుమతి కూడా నవ్వింది. నవ్వకపోతే అక్కణ్ణుంచి ఇంటిదాకా నడవడం కష్టం.

పొద్దుగూకేలోపల కబురు కుప్పుసామికి చేరింది. తువ్వాలు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకుని ధర్మలింగం ఇంటికి వెళ్ళాడు. ఎదురింటి గోడ దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఇందుమతికి ఆయన మాట వినిపించింది.

"చిన్నపిల్ల, తెలియక అడిగేసింది. మనసులో పెట్టుకోవద్దండి."

బిందె నిండి నీళ్ళు పాదాల మీద పోతున్నా ఆమె చూసుకోలేదు. తన చిన్నతనం గురించి ఆ వీధిలో ఎవరూ మాట్లాడి చాలా ఏళ్ళయింది.

"నూలిచ్చే ఇంట్లో దూరి టీవీ మార్చమంటావా?" అన్నాడు కుప్పుసామి ఇంటికొచ్చి.

"దూరలేదన్నా. గడప కాడే నిలబడినా."

"నిలబడి?"

"ఆయన నవ్వినాడు."

"నవ్వితే ఏమి, నవ్వనీ. నవ్వితే వళ్ళేమన్నా తరుగుతాదా? రేపు పొద్దన్నే పావు సాచాల, తొందరగా లెయ్యి."

ఈపాటికి బండి దిగేసి ఉంటుందని ఇందుమతి అనుకుంది. పక్క మీద పడుకుని చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సినిమా కూడా అంత బాగోలేదని మర్నాడు ఎవరో అన్నారు.

పావంటే పడుగే. కొత్త పడుగుకి గంజి పెట్టే రోజు వీధి వీధంతా దానిదే. తెల్లవారకముందే కర్రలు పాతి, ఈ కొస నుంచి ఆ కొసకు నూలు సాచి కడతారు. ఎవరి పడుగైనా అందరూ వచ్చి చెయ్యి వెయ్యాలి. చేతిలో ఉన్న పని ఏదైనా వదిలేసి రావాలి, ఎండ ముదరకముందే ముగించాలి. మగవాళ్ళు గంజిలో ముంచిన పెద్ద కుంచెలు పట్టుకుని నూలు మీద దువ్వుతూ వెనక్కీ ముందుకీ నడుస్తారు. ఆడవాళ్ళు తెగిన పోగులు వెతికి అతుకుతారు. ఇందుమతి వేళ్ళకు పోగు తెగిన చోటు కళ్ళకంటే ముందు తెలుస్తుంది. రెండు కొసలూ పట్టి, బొటనవేలితో ఒక్క పురి తిప్పి వదిలేస్తే అతుకు ఎక్కడుందో మళ్ళీ ఆమెకే దొరకదు.

వీధి సగం తడిసి, గంజి వాసన ముదిరేవేళకి రాజమాణిక్యం పేపరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా కుప్పుసామీ, మీ గుడ్డ పని చెడిపింది! గాలి సరిగ్గా పోలేదంట. సంచి ఉబ్బి దోవకు అడ్డం పడి ఉండాది. బండి ఇంకా లోపల్నే ఉండాది!"

కుంచెలు ఆగాయి. అంతదూరం పోయిన మిషినుకి నేతగాళ్ళ వల్ల అప్రతిష్ట వచ్చిందంటే వీధి ఊరుకుంటుందా?

"గుడ్డది తప్పంటావా?" అన్నాడు కుప్పుసామి, కుంచె ఎత్తి. "అంత పైనుంచి పడినా చినగలా గదా! గాలి తీసే తెలివి లేనోళ్ళు గుడ్డ మీద నెపం వేస్తా ఉండారు."

"మడత పెట్టేదాంట్లో తప్పుంటాది," అన్నాడొక ముసలాయన.

"రెండు పక్కలా పట్టి లాగితే వస్తాది," అన్నాడింకొకాయన.

"ఎవరు లాగేది మామా? ఆడ మనుషులు లేరే!"

వాళ్ళు అలా కొట్టుకుంటూండగా ఇందుమతి చేతిలో రెండు పోగుల కొసలు పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఇంకా రాలేదా. ఇంకా లోపలే ఉందా. నిన్న తను ఆ గడప దగ్గర నిలబడి ఉన్నప్పుడు అది కూడా గుడ్డ వెనక నిలబడే ఉంది. తన కోసం ఆగిందని అనుకోవడం పిచ్చి అని ఆమెకు తెలుసు. తెలిసీ అలాగే అనుకుంది. రెండు కొసలూ కలిపి పురి తిప్పింది.

పడుగు చుట్టి ఇంట్లో పెట్టి, చెయ్యేసిన వాళ్ళందరికీ రాగి సంకటి పెట్టి పంపేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కుప్పుసామి కనిపించలేదు, టీకొట్టుకి పోయుంటాడనుకున్నారు. ఇందుమతి స్నానం చేసి నీలం చీర కట్టుకుంది. వేలూరు దగ్గర బాగాయంలో ఇంద్రాణి ఉంది, చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చున్న మనిషి. పోయిన ఏడాది ఎవరి పెళ్ళిలోనో కనపడి, "మా ఇంట్లో ఇంగ్లీషు చానళ్ళు కూడా వస్తాయి, చూసే దిక్కే లేదు" అని గొప్ప చెప్పుకుంది.

పొన్నమ్మ గడపలో కూర్చుని గిన్నెలు తోముతోంది. నీలం చీర చూసింది, చేతిలో సంచీ చూసింది. నోరు తెరిచింది. బయల్దేరిన మనిషిని యాడికని అడిగితే పోయే పని చెడుతుందని పెద్దలు అంటారు. పెళ్ళయి ఆ ఇంటికొచ్చాక పొన్నమ్మ ఆ మాటని ఎన్నిసార్లు లెక్కచేసిందో అనుమానమే. ఆ రోజు మాత్రం ఆమెకి అది చాలా గట్టిగా గుర్తొచ్చింది. గిన్నెలు పక్కకు జరిపి దోవ ఇచ్చింది.

"పోయిరా. చీకటి పడేలోపల వచ్చెయ్యి," అంది.

అన్నని అడక్కుండా ఇందుమతి బస్సెక్కడం అదే మొదలు. కిటికీ పక్కన కూర్చుని, ఊచ పట్టుకుని, వేలూరు దాకా దాన్ని వదల్లేదు. దేవుడా, ఇంకొక్క గంట ఆ గుడ్డ తొలగనివ్వకు అని మొక్కుకుంది. అమెరికాలో ఎంతమంది దానికి ఎదురు మొక్కు మొక్కుతున్నారో ఆమెకేం తెలుసు!

ఇంద్రాణి మొగుడు మేస్త్రీ. పదిమందికి ఇళ్ళు కట్టేవాడి ఇంటికి పూత ఉండదన్నట్టు, ఆ ఇంటి గోడలకు ఇంకా ఇటుకలే కనిపిస్తున్నాయి. మధ్యలో స్టూలు మీద మాత్రం పూల గుడ్డ కప్పుకుని కలరు టీవీ.

"ఇందూ! ఏమే ఇంత దూరం? అందరూ బాగుండారా?"

"బాగుండారు. ఇంద్రాణీ, ముందు ఆ టీవీ పెట్టు. తరవాత మాట్లాడదాం."

ఇంద్రాణి బిత్తరపోయి, పూల గుడ్డ తీసి, ఒక్కొక్క చానలే నొక్కుకుంటూ పోయింది. పాటలు, సబ్బులు, క్రికెట్టు. ఒక చోట ఇంగ్లీషులో ఎవరో గడగడ మాట్లాడుతున్నాడు, ఆయన వెనక ఒక గదినిండా జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు, ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంటున్నారు, ఒకాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. దిగేసిందని ఇందుమతికి భాష రాకుండానే అర్థమైంది. అయిపోయింది, ఈసారీ అయిపోయింది.

అప్పుడు బొమ్మ మారింది.

ఎర్రమన్ను. మన్ను నిండా రాళ్ళు, చిన్నవీ పెద్దవీ, కనుచూపు మేరంతా. దూరంగా రెండు గుట్టలు. ఈ పక్కన దుమ్ము కొట్టుకుని ముడుచుకుని పడి ఉన్న తెల్లగుడ్డ. గుడ్డ పక్క నుంచి చిన్న మెట్టు, మెట్టు కింద ఆ బండి. దాని వెనక మన్నులో, అంతకుముందు ఎవరూ తొక్కని మన్నులో, రెండు చక్రాల జాడలు.

"ఇంతేనా?" అంది ఇంద్రాణి. "కదిలేదే లేదే! మా ఆయన పునాది తవ్వించిన చోటు ఇంతకన్నా చక్కగా ఉంటాది."

ఇందుమతి నేల మీద కూర్చుండిపోయి చూస్తోంది. ఆ రాళ్ళలో ఆమె వెతుకుతోంది. ఇన్నేళ్ళ నుంచీ తనని పట్టుకున్నవాడు ఎక్కడో ఉండాలి కదా, ఏ గుట్ట వెనకో. బొమ్మ పోయింది, సబ్బు వచ్చింది, మళ్ళీ బొమ్మ వచ్చింది. ఎవరూ లేరు. వేసవిలో మోర్ధానా ఊరి కింద ఎండిపోయిన ఏరులా ఉంది, అంతే. నీళ్ళు లేవు, మేక లేదు, ముల్లుచెట్టు లేదు. అలా పడి ఉన్నాడు ఎన్ని యుగాల నుంచో, ఎవరి ఏడో ఇంటి సంగతీ తెలియకుండా. ఇక్కడ ఆయన పేరు చెప్పి ఎంతమంది ఆడపిల్లల ముందు కాఫీ తాగి లేచిపోయారో ఆయనకి తెలియనే తెలియదు. తనని అన్నట్టే ఆయన్నీ ఇన్నాళ్ళూ ఊరికే అన్నారు. పాపం, ఆ గడపలోకి ఇవాళ్టికి ఒక్కరొచ్చారు. ఇందుమతికి ఏడుపొచ్చింది, ఏడుస్తూనే నవ్వొచ్చింది, ఇంద్రాణి భయపడి మంచినీళ్ళు తెచ్చింది.

సాయంత్రం దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరింది. గడపలో పొన్నమ్మ కళ్ళతో లోపలికి చూపించింది.

కుప్పుసామి రాట్నం ముందు కూర్చుని ఉన్నాడు. గోడవైపు తిరిగి, అలవాటు లేని చేత్తో చక్రం తిప్పుతూ, ఎర్రనూలు కండెలకు చుడుతున్నాడు. మంగళవారం గుడ్డకి. రెండు కండెలు లావుగా, ఒకటి వంకరగా పక్కన పడి ఉన్నాయి.

"తిన్నావా?" అన్నాడు తిరక్కుండానే.

"ఇంద్రాణి పెట్టింది."

చక్రం కొంతసేపు తిరిగింది.

"పావు చుట్టినాక ముదలాళి ఇంటికి పోయినా," అన్నాడు. "అరుగు మీద కూర్చోలా. లోపలికి పోయి అడిగినా. ఆ గుడ్డ చూపిస్తా ఉండారంట, ఒక్క తూరి మార్చండి అని."

ఇందుమతి సంచీ కింద పెట్టింది.

"ఏమన్నాడు?"

"ఏం కుప్పుసామీ, ఆడ్నుంచి నీకేమన్నా ఆర్డరొచ్చిందా అన్నాడు. అందురూ నవ్వినారు." నూలు తెగింది. కొసలు వెతుక్కుంటూ అన్నాడు: "నవ్వేవాళ్ళ ముందర నిలబడేది... వళ్ళు తరిగినట్టే ఉండాదిమ్మే."

ఇందుమతి పక్కన కూర్చుని, ఆయన చేతిలోంచి రెండు కొసలూ తీసుకుని అతికి ఇచ్చింది.

"గుడ్డ చూసినావా?" అన్నాడు.

"చూసినా. తెల్లగుడ్డ. దుమ్ము పట్టి ఉండాది."

"చినిగిందా?"

"చినగలా. యాడా చినగలా."

కుప్పుసామి మొహం విప్పారింది. తన మగ్గం మీంచి దిగిన గుడ్డని ఎవరో మెచ్చుకున్నట్టు తల పంకించి, చక్రం తిప్పాడు.

"ఇంకేముండాది ఆడ?"

"రాళ్ళు."

"ఇంకా?"

"మన్ను. మన మోర్ధానా ఏరు మాదిరే."

"ఎవురూ..." అని ఆగాడు. "ఎవురూ లేరా?"

"ఎవురూ లేరన్నా."

చక్రం ఆగింది. కుప్పుసామి చెల్లెలి మొహంలోకి చూశాడు. చాలా ఏళ్ళుగా ఆయన ఆ మొహంలోకి అలా చూడలేదు. చెవుల దగ్గర నెరిసిన వెంట్రుకలు చూశాడు. తరవాత పక్కనున్న ఎర్ర కండెల్ని చూసుకుని, వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు అటూ ఇటూ కదిపాడు.

"అయితే ఇవి ఎవరికి నేసేది?"

"నాకు," అంది ఇందుమతి. "రైక కుట్టించుకుంటా. ఆయనకి గుడ్డ వచ్చేసింది గదా."

కుప్పుసామి వంకరగా చుట్టిన కండె తీసి, నూలంతా విప్పి, మళ్ళీ మొదటి నుంచి చుట్టడం మొదలుపెట్టాడు.